పదహారేళ్ల ప్రేమకథలు: చదివేవాళ్లను అంతగా పట్టి ఉంచేదేమిటి?

క్లుప్తంగా: అమెరికాలో ఒక ప్రత్యేక విభాగంగా స్థిరపడిన యంగ్ అడల్ట్ (12-18 ఏళ్ల పాఠకుల కోసం రాసే) ప్రేమ నవలలను ఇప్పుడు టీనేజర్లతో పాటు ముప్ఫై, నలభై ఏళ్లవాళ్లూ ఇష్టంగా చదువుతున్నారు. ఒక అమ్మాయి తన నిర్ణయాలు తాను తీసుకోవడం నేర్చుకునే తీరును ఈ నవలలు ఆమె గొంతుతోనే చెబుతాయి. వాటి పట్టు అక్కడుంది. తెలుగులో ప్రేమ నవలా వచ్చింది, ఎదుగుదల నవలా వచ్చింది. కానీ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. దానికి కారణాలేమిటో, ఫలితాలేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

2025 జులై 16న అమెజాన్ ప్రైమ్ వీడియోలో ‘ది సమ్మర్ ఐ టర్న్‌డ్ ప్రెటీ’ మూడో సీజన్ మొదలైంది. సెప్టెంబర్ 17న ముగిసింది. ఆ రెండు నెలలూ అభిమానుల మధ్య ఒకటే చర్చ. బెల్లీ అనే అమ్మాయిని ఇష్టపడే ఇద్దరు అన్నదమ్ముల్లో ఆమె పెద్దవాడు కాన్రాడ్‌ను ఎంచుకుంటుందా, చిన్నవాడు జెరెమయాను ఎంచుకుంటుందా? వాదన ఎంత ముదిరిందంటే, నటీనటులను తిట్టవద్దని, వేధించవద్దని సిరీస్ అధికారిక ఖాతాలే అభిమానులను కోరాల్సి వచ్చింది.

ఇది కొత్త కథ కాదు. జెన్నీ హాన్ రాసిన మూడు నవలలూ 2009, 2010, 2011లో వరుసగా వచ్చాయి. బెల్లీ చివరికి ఎవరిని పెళ్లి చేసుకుంటుందో పుస్తకం చదివినవాళ్లకు ఏళ్ల తరబడి తెలుసు. తెరమీద మారుస్తారేమోనన్న అనుమానం కొంత ఉండవచ్చు. అయినా ముగింపు తెలిసిన కథ గురించి ఇంతమంది టెన్షన్ పడ్డారంటే, వాళ్లను పట్టి ఉంచింది ముగింపు ఒక్కటే కాదని అర్థమవుతుంది. అదేమిటో తెలియాలంటే ఈ నవలల పుట్టుక, అల్లిక రెండూ చూడాలి.

ఈ విభాగం ఎలా ఏర్పడింది

పుస్తకాల షాపుల్లో కనిపించే యంగ్ అడల్ట్ అరను రచయితలు కోరి పెట్టించుకోలేదు. అది లైబ్రేరియన్లు, పత్రికలు, ప్రచురణకర్తలు కలిసి కొన్ని దశాబ్దాల్లో ఏర్పరచినది. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికాలో హైస్కూల్ చదువు మామూలు కుటుంబాలకూ అందింది. అంతకుముందు పొలంలోనో ఫ్యాక్టరీలోనో పెద్దవాళ్లతో కలిసి పనిచేసే వయసు పిల్లలు, రోజంతా తమ ఈడువాళ్ల మధ్యే గడపడం మొదలైంది. వాళ్లకు కొంత తీరిక దొరికింది, చేతిలో కొంత డబ్బు ఆడింది, తమవే అయిన మాటలూ అలవాట్లూ ఏర్పడ్డాయి. 1944లో ‘సెవెంటీన్’ పత్రిక ఈ పాఠకుల కోసమే వచ్చింది.

అంతకు రెండేళ్ల ముందే, 1942లో, మోరీన్ డేలీ అనే యువ రచయిత్రి ‘సెవెంటీన్త్ సమ్మర్’ నవల ప్రచురించింది. హైస్కూల్ ముగిసి కాలేజీకి వెళ్లేలోపు ఒక్క వేసవిలో నడిచే ప్రేమకథ అది. వేసవి అయిపోగానే ఆ అమ్మాయి చదువుకోసం ఊరు విడిచి వెళ్తుంది. ఒక వేసవి, ఒక తొలిప్రేమ, ఒక విడిపోవడం. ఎనభై ఏళ్ల తర్వాత తెరమీద నడుస్తున్న కథల్లోనూ ఇదే చట్రం కనిపించడం గమనించదగ్గ విషయం.

1957లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో ఈ వయసు పాఠకుల కోసం ప్రత్యేక విభాగం ఏర్పడింది. 12 నుంచి 18 ఏళ్లవాళ్లను యంగ్ అడల్ట్ పాఠకులుగా లెక్కించే పద్ధతి అక్కడినుంచే స్థిరపడింది. తర్వాతి మలుపు 1967లో వచ్చిన ‘ది అవుట్‌సైడర్స్’. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకు చెందిన ఎస్.ఇ. హింటన్ ఆ నవలను హైస్కూల్‌లో ఉండగానే రాసింది. రాసింది అమ్మాయి అని తెలిస్తే మగ సమీక్షకులు తేలిగ్గా తీసుకుంటారని ప్రచురణకర్తలు ఆమె పేరును పొడి అక్షరాలకు కుదించారు. ఆ పుస్తకంలో ప్రేమ పెద్దగా లేదు. కానీ టీనేజర్ల గురించి పెద్దవాళ్లు చెప్పే నీతికథలు కాకుండా, టీనేజర్ తన మాటల్లో తన వీధి గురించి చెప్పుకుంటే చదివేవాళ్లు ఉన్నారని అది నిరూపించింది.

ప్రేమకథలకు ఆ పని చేసింది 1975లో వచ్చిన జూడీ బ్లూమ్ నవల ‘ఫరెవర్’. అప్పటిదాకా టీనేజ్ ప్రేమ హద్దు దాటితే అమ్మాయికి ఏదో ఒక శిక్ష పడేది. గర్భం, చావు, పరువు పోవడం, ఏదో ఒకటి. ఎవరూ చనిపోని ఒక ప్రేమకథ కావాలని కూతురు అడగడంతో బ్లూమ్ ఈ నవల రాసింది. అందులో కేథరిన్, మైఖేల్ తమ ప్రేమ శాశ్వతమనుకుంటారు. ఒక వేసవి దూరంగా ఉన్నాక అలా కాదని తేలుతుంది. విడిపోతారు. ఇద్దరి జీవితాలూ ముందుకు సాగుతాయి. అమెరికా స్కూళ్లలో ఈ పుస్తకాన్ని తొలగించాలన్న డిమాండ్లు దశాబ్దాలపాటు వచ్చాయి. శిక్ష లేకుండా ముగిసే తొలిప్రేమ అనే ఆలోచన ఎంతమందిని కలవరపెట్టిందో ఆ డిమాండ్లు చెబుతాయి.

1980ల్లో ‘స్వీట్ వ్యాలీ హై’ లాంటి సిరీస్ పుస్తకాలు ఈ కథలను చవక పేపర్‌బ్యాకుల్లోకి తెచ్చాయి. 2000లో న్యూయార్క్ టైమ్స్ పిల్లల పుస్తకాలకు విడిగా బెస్ట్‌సెల్లర్ జాబితా మొదలుపెట్టింది. యంగ్ అడల్ట్ సాహిత్యానికి ప్రింట్జ్ అవార్డు ఇవ్వడమూ అదే ఏడాది ఆరంభమైంది. 2005లో మొదలైన ‘ట్వైలైట్’ సిరీస్ ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లకు పైగా అమ్ముడైంది. దాంతో షాపుల్లో ఒక మూలనున్న అర ముందు వరసలోకి వచ్చింది.

రెండు పాయలు కలిసిన చోటు

సాహిత్య చరిత్రలో చూస్తే ఈ నవలల వెనుక రెండు పాయలున్నాయి. ఒకటి ఎదుగుదల నవల. 1795-96లో వచ్చిన గోథే ‘విల్హెల్మ్ మైస్టర్’ను దీనికి మూలంగా చెబుతారు. ఒక యువకుడు ఇల్లు విడిచి, లోకం చూసి, తప్పులు చేసి, చివరికి తనకో చోటు వెతుక్కుంటాడు. రెండోది ప్రేమ నవల. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ లాంటివి ఇందులోకి వస్తాయి. ఇక్కడ కథానాయిక యువతి, కథ నడిచేది పెళ్లి వైపు. మగపిల్లవాడికి ఎదుగుదల, ఆడపిల్లకు పెళ్లి అన్నట్టు పనులు పంచుకున్న రెండు నవలా రూపాలివి. 1847లో ‘జేన్ ఐర్’ ఈ రెంటినీ గట్టిగా కలిపింది. ఒక అనాథ బాలిక ఎదుగుదలా, ఆమె ప్రేమా ఒకే కథలో నడిచాయి.

యంగ్ అడల్ట్ ప్రేమ నవల ఆ కలయికకు వారసురాలే. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జేన్ తన కథను పెళ్లయిన పదేళ్ల తర్వాత చెబుతుంది. పద్దెనిమిదేళ్లప్పటి తన ఆవేశాన్ని చూస్తున్నది ముప్ఫై దాకా వచ్చిన జేన్. యంగ్ అడల్ట్ నవలలో ఆ పెద్ద గొంతు సాధారణంగా ఉండదు. పదహారేళ్ల అమ్మాయి కథను ఆ పదహారేళ్ల అమ్మాయే, ఇంకా అందులో ఉండగానే చెబుతుంది. రేపు ఏమవుతుందో ఆమెకు తెలియదు. ఈ బాధ నెల రోజుల్లో పోతుందని చెప్పేవాళ్లు ఆ పేజీల్లో లేరు.

ఈ నవలల్లో లోతు లేదన్న విమర్శ చాలావరకు ఇక్కడినుంచే వస్తుంది. ప్రతి చిన్న విషయాన్నీ ప్రళయంలా చెబుతారంటారు. నిజానికి అది కావాలని చేసుకున్న ఎంపిక. వెనక్కి తిరిగి చూసే తెలివి కథలోకి వస్తే ఆ అనుభవం తీవ్రత తగ్గిపోతుంది. అది లేనప్పుడు కథ చెప్పే అమ్మాయి తప్పులను పాఠకురాలే పట్టుకోవాలి. ఆమె గమనించని మంచి మనిషిని పాఠకురాలే ముందు గుర్తించాలి. పెద్దవాళ్లు చదివినా ఆసక్తి తగ్గకపోవడానికి ఇదొక కారణం. కథలో లేని ఆ పెద్ద గొంతును వాళ్లు తమ వయసుతో నింపుకుంటారు.

ముగింపు విషయంలోనూ తేడా ఉంది. పెద్దల కోసం రాసే ప్రేమ నవలకు సుఖాంతం దాదాపు నియమం. జంట కలవకపోతే ఆ పుస్తకాన్ని ఆ అరలో పెట్టడానికి ప్రచురణకర్తలు ఇష్టపడరు. యంగ్ అడల్ట్‌కు ఆ కట్టుబాటు లేదు. జంట కలవవచ్చు, విడిపోవచ్చు, ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’లోలా ఒకరు చనిపోవచ్చు. కలిసినా అది జీవితాంతం నిలుస్తుందన్న హామీ ఉండనక్కరలేదు. కచ్చితంగా జరగాల్సింది ఒకటే. మొదటి పేజీలో ఉన్న అమ్మాయి చివరి పేజీలో అలాగే ఉండకూడదు. ఇద్దరు కలుస్తారా అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలిసినా, కలిసేనాటికి ఆమె ఎవరవుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. తెలిసిన కథనే మళ్లీ చదివించేది ఆ రెండో ప్రశ్న.

కథను నడిపే పద్ధతులు

జెన్నీ హాన్ మరో నవల ‘టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ 2014లో వచ్చింది. 2018లో నెట్‌ఫ్లిక్స్ సినిమా అయింది. పైకి చూస్తే సరదా కథ. పదహారేళ్ల లారా జీన్ తనకు నచ్చిన అబ్బాయిలకు రాసి దాచుకున్న ఉత్తరాలు ఒకరోజు వాళ్లకు చేరిపోతాయి. ఆ చిక్కులోంచి బయటపడటానికి పీటర్ అనే అబ్బాయితో ప్రేమలో ఉన్నట్టు నటిస్తుంది.

లోపల నడిచే కథ వేరు. లారా జీన్ తల్లి కొన్నేళ్ల కిందటే చనిపోయింది. ఇంటి భారం మోసింది అక్క మార్గో. ఇప్పుడు మార్గో చదువుకు స్కాట్లాండ్ వెళ్లిపోయింది. నాన్న, చెల్లెలు, వంటిల్లు, కారు నడపడం అన్నీ లారా జీన్ మీద పడ్డాయి. ఇన్నాళ్లూ అక్క నీడలో, ఉత్తరాల ఊహల్లో బతికిన అమ్మాయి నిజం మనుషులతో మాట్లాడాల్సి వచ్చింది. దొంగ ప్రేమ అనే ఉపాయం అక్కడ పనికొస్తుంది. నటన అనుకున్నప్పుడు భయం ఉండదు కాబట్టి, నిజంగా అయితే అనలేని మాటలు ఆమె అనగలుగుతుంది. అలా ధైర్యాన్ని అలవాటు చేసుకుంటుంది.

తల్లి లేకపోవడం, తండ్రి పనిలో మునిగి ఉండటం, విడాకులైన ఇల్లు ఈ నవలల్లో తరచూ కనిపిస్తాయి. కుటుంబాన్ని తక్కువ చేయడం రచయితల ఉద్దేశమనుకుంటే పొరపాటు. దగ్గరే ఉండి అన్నీ చక్కబెట్టే పెద్దవాళ్లుంటే పిల్లలు నిర్ణయం తీసుకునే అవసరమే రాదు. కథ కోసం వాళ్లను కాస్త పక్కకు జరపాలి.

కాలానికి గడువు పెట్టడం మరో పద్ధతి. ఒక వేసవి, స్కూల్ చివరి ఏడాది, ఒక ప్రయాణం. గడువుంటే ప్రతి రోజుకూ విలువ పెరుగుతుంది. లారా జీన్ కథల్లో మూడో నవలలో అసలు సమస్య పెళ్లి కాదు, కాలేజీ. పీటర్ వెళ్లే యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో లారా జీన్‌కు సీటు రాదు. చివరికి పక్క రాష్ట్రంలో చదువు ఎంచుకుంటుంది. కాలేజీకి వెళ్లేటప్పుడు బాయ్‌ఫ్రెండ్‌ను వెంటేసుకుని వెళ్లవద్దని తల్లి చెప్పిన మాట ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లను వెంటాడుతూ ఉంటుంది. ప్రేమకూ ఎదుగుదలకూ మధ్య పోటీని ఇంత సూటిగా చూపించే సన్నివేశాలు ఈ నవలల్లో చాలా ఉంటాయి.

ఇక ముక్కోణపు ప్రేమ. ఇద్దరు అబ్బాయిల మధ్య ఒక అమ్మాయి ఊగిసలాడటం సులువైన ఎత్తుగడ అనిపిస్తుంది. ఆ ఇద్దరికీ అందంలో మాత్రమే తేడా ఉన్నప్పుడు అది నిజంగానే బలహీనమైన ఎత్తుగడ. ఒక్కొక్కరితో ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఒక్కో మనిషిగా మారేలా రాస్తే సంగతి మారుతుంది. బెల్లీ కథలో కాన్రాడ్ చిన్నప్పటినుంచీ ఆరాధించిన, మనసు విప్పని మనిషి. జెరెమయా సరదాగా, దగ్గరగా ఉండే స్నేహితుడు. ఆ ఇద్దరి తల్లి సుజానా బెల్లీ తల్లికి ప్రాణస్నేహితురాలు. ఆమె క్యాన్సర్‌తో చనిపోవడంతో రెండో నవల మొత్తం దుఃఖం నీడలో నడుస్తుంది. వేసవులు గడిపిన ఆ సముద్రతీరపు ఇల్లు అమ్ముడుపోతుందా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న. అభిమానులు రెండు జట్లుగా చీలి వాదించుకున్నది అబ్బాయిల గురించి. వాళ్లను ఆ కథకు కట్టేసింది మాత్రం ఆ ఇల్లూ, ఆ తల్లీ, తిరిగిరాని ఆ వేసవులూ అని చెప్పడానికి తగినంత ఆధారం నవలల్లోనే ఉంది.

పెద్దవాళ్లు ఎందుకు చదువుతున్నారు

2012లో బౌకర్ సంస్థ అమెరికాలో చేసిన సర్వే ప్రచురణ రంగాన్ని ఆశ్చర్యపరిచింది. 12-17 ఏళ్లవాళ్ల కోసమని ముద్రించిన పుస్తకాలు కొన్నవాళ్లలో 55 శాతం మంది 18 ఏళ్లు దాటినవాళ్లే. ఒక్క 30-44 వయసువాళ్లే 28 శాతం కొన్నారు. ఎక్కువమంది పిల్లల కోసం కాకుండా తామే చదువుకోవడానికి కొన్నామన్నారు. రెండేళ్ల తర్వాత, పెద్దవాళ్లు ఇవి చదవడానికి సిగ్గుపడాలని ఒక అమెరికన్ ఆన్‌లైన్ పత్రికలో వచ్చిన వ్యాసం పెద్ద దుమారం రేపింది.

ఆ వ్యాసంలోని వాదన పాఠకుల తెలివిని తక్కువగా అంచనా వేసింది. మనిషి జ్ఞాపకశక్తి గురించి మనస్తత్వవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్న విషయం ఒకటుంది. నలభై దాటినవాళ్లను జీవితంలోని సంఘటనలు గుర్తు చేసుకోమంటే, సుమారుగా 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవి మిగతా కాలం కంటే చాలా ఎక్కువగా చెబుతారు. అన్నీ మొదటిసారి జరిగేది ఆ వయసులోనే. మొదటి ప్రేమ, ఇల్లు విడిచి వెళ్లిన మొదటి రోజు, సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం. మనిషి తానెవరో తేల్చుకునేదీ అప్పుడే. ఈ నవలలు సరిగ్గా ఆ కాలాన్ని తెరుస్తాయి.

ఇంకో కారణం మరింత మామూలుది. ఈ పుస్తకాలు ఎక్కువ భాగం మూడు, నాలుగు వందల పేజీల లోపే ఉంటాయి, భాష తేలిక, కథ మొదటి అధ్యాయంలోనే మొదలవుతుంది. ఉద్యోగం, ఇంటిపని ముగిశాక గంటసేపు చదువుకునే మనిషికి ఇవి అందుబాటులో ఉండే పుస్తకాలు. చదవడం మానేసినవాళ్లు తిరిగి మొదలుపెట్టడానికి వీటినే పట్టుకోవడం తరచూ కనిపిస్తుంది.

పాత పుస్తకం మళ్లీ కొత్తదవడం

మామూలుగా ఒక నవల విడుదలైన కొన్ని నెలల్లో అమ్మకాలు తగ్గిపోతాయి. యంగ్ అడల్ట్‌లో ఈ లెక్క తరచూ తలకిందులవుతోంది. 2014లో వచ్చిన ‘వీ వర్ లయర్స్’ ఆరేళ్ల తర్వాత, 2020లో, టిక్‌టాక్‌లో పాఠకులు పెట్టిన వీడియోల వల్ల మళ్లీ బెస్ట్‌సెల్లర్ జాబితాకెక్కింది. పుస్తకం చదివి ఏడుస్తున్న ముఖం అర నిమిషం కనిపిస్తే చాలు, అది సమీక్షకుడి పేజీ వ్యాసం కంటే ఎక్కువమందిని కదిలించింది. భారత్‌లో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. దాంతో ఇక్కడి పాఠకులకు ఆ పని ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ చేస్తున్నాయి.

స్ట్రీమింగ్ వేదికలది ఇంకో రకం ప్రభావం. బెల్లీ కథ మొదటి సీజన్ 2022లో రాగానే దశాబ్దం దాటిన నవలలు మళ్లీ బెస్ట్‌సెల్లర్లయ్యాయి. మూడో సీజన్‌ను ఒకేసారి వదలకుండా వారానికో భాగం చొప్పున ఇవ్వడంతో మధ్యలో ఆరు రోజులు వాదించుకోవడానికి మిగిలాయి. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. పత్రికల్లో సీరియల్ చదివి, తర్వాతి సంచిక వచ్చేదాకా హీరోయిన్ ఏం చేస్తుందోనని ఇళ్లలో, ఆఫీసుల్లో మాట్లాడుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

తెలుగులో ఈ కథ ఎక్కడుంది

ఆ సీరియళ్లతోనే తెలుగు పోలిక మొదలుపెట్టాలి. 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో వచ్చిన యద్దనపూడి సులోచనారాణి నవల ‘సెక్రటరీ’ తెలుగు ప్రేమ నవలకు ఒక తరం పాఠకులను తయారుచేసింది. పత్రికలు, అద్దె లైబ్రరీలు ఆ నవలలను ఊరూరికీ చేర్చాయి. పదో తరగతి, ఇంటర్ చదివే ఆడపిల్లలు పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివింది ఇవే. అంటే యంగ్ అడల్ట్ పాఠకులు తెలుగులో అప్పుడే ఉన్నారు.

కానీ ఆ నవలల్లో కథానాయిక వాళ్ల ఈడు కాదు. ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేసే యువతి. కథ ఆమె ఆత్మాభిమానానికీ రాజశేఖరం దర్పానికీ మధ్య నడుస్తుంది, పెళ్లి వైపు సాగుతుంది. ఎదుగుదలకు దగ్గరగా వచ్చింది అదే రచయిత్రి ‘మీనా’. తల్లి అదుపాజ్ఞల్లో పెరిగిన నగరపు అమ్మాయి పల్లెలో మేనమామ ఇంటిని చూసి, తనకేం కావాలో తెలుసుకుని, తల్లి మాట కాదనే దాకా వస్తుంది. 1973లో అది సినిమాగా కూడా వచ్చింది. అయితే అక్కడా అమ్మాయి ఎదిగిందనడానికి గుర్తు సరైన వరుణ్ని ఎంచుకోవడమే.

ఎదుగుదల నవల పాయ తెలుగులో మగపిల్లల వైపు వెళ్లింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’లో ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఒక్క రోజు గడిపే రవి. ఇద్దరి ఆలోచనల లోతూ, అయోమయమూ తెలుగు నవలకు గర్వకారణం. ఇద్దరూ యువకులు, ఇద్దరూ కాలేజీ దశ దాటుతున్నవాళ్లు. ఆడపిల్లకు ప్రేమ, మగపిల్లవాడికి ఎదుగుదల అనే పాత పంపకం ఇక్కడ దాదాపుగా అలాగే నిలిచింది. పదహారేళ్ల తెలుగమ్మాయి తన మాటల్లో తన కథ చెప్పుకునే నవల ఒక స్థిరమైన రకంగా ఏర్పడలేదు.

ఆ ఖాళీని సినిమా నింపింది. 2000లో ‘చిత్రం’, 2007లో ‘హ్యాపీ డేస్’ లాంటివి కుర్రకారు ప్రేమను, స్నేహాన్ని వాళ్ల పరిసరాల్లో చూపి ఘనవిజయం సాధించాయి. ఆ విజయాలే ఈ కథలకు ఆదరణ ఉందని చెబుతాయి. కానీ కాలేజీ సినిమాలో చూపు చాలావరకు అబ్బాయిది. అమ్మాయి అతను చూసే మనిషి. పైగా నవల ఇచ్చే లోపలి మాట, అంటే ఆ క్షణంలో ఆమె మనసులో ఏం తిరుగుతోందన్నది, కెమెరాకు సులువుగా అందదు.

సంస్థల తీరు కూడా గమనించాలి. 1947లో మొదలైన ‘చందమామ’ లాంటి పత్రికలతో తెలుగులో పిల్లల సాహిత్యానికి గట్టి పునాది పడింది. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. అది 9-16 ఏళ్ల పిల్లల పుస్తకాల కోసం. 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారం 35 ఏళ్ల లోపు రచయితల కోసం. అంటే పిల్లల పుస్తకానికి గుర్తింపు ఉంది, యువ రచయితకు ఉంది. యువ పాఠకుల పుస్తకానికి మాత్రం విడిగా లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఆ వయసులో పిల్లలు ఇంటర్‌లో ఉంటారు. చాలామంది కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో జేఈఈ, నీట్, ఈఏపీసెట్ చదువుల్లో ఉంటారు. కథల పుస్తకం పట్టుకుంటే టైమ్ వేస్ట్ అనే వాతావరణంలో ఆ పాఠకుల కోసం పెట్టుబడి పెట్టడానికి ప్రచురణకర్త వెనకాడటం అర్థం చేసుకోదగినదే. చదవాలన్న కోరిక ఉన్న పిల్లలు ఇంగ్లిష్ పుస్తకాల వైపు వెళ్తున్నారు. తెలుగు చదవడం రాక కొందరు, తెలుగులో తమ ఈడు కథ దొరక్క కొందరు.

అమెరికాలో పెరుగుతున్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ నవలల్లో మరో ఆకర్షణ ఉంది. లారా జీన్ తల్లి కొరియన్ మూలాలున్న మనిషి. సినిమా హక్కులు అడిగిన నిర్మాతల్లో ఒక్కరు తప్ప ఎవరూ ఆ పాత్రకు ఆసియా నటిని తీసుకోవడానికి ఒప్పుకోలేదని, ఆ ఒక్కరితోనే ముందుకెళ్లానని జెన్నీ హాన్ 2018లో రాసింది. 2017లో వచ్చిన సంధ్యా మీనన్ నవల ‘వెన్ డింపుల్ మెట్ రిషి’ ఇంకా దగ్గరిది. కోడింగ్ నేర్చుకోవడానికి వెళ్లిన అమ్మాయికి, అక్కడికొచ్చిన అబ్బాయితో పెద్దవాళ్లు ముందే సంబంధం అనుకున్నారని తెలుస్తుంది. చదువు, సంబంధం, ఇష్టం మూడూ ఒకేసారి మీదపడే ఆ పరిస్థితి తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. ఆ కథను తర్వాత జైపూర్ నేపథ్యానికి మార్చి ‘మిస్‌మ్యాచ్డ్’ పేరుతో 2020 నుంచి నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌గా తీశారు.

అభ్యంతరాల్లో నిజమెంత

ఈ నవలల మీద తల్లిదండ్రుల భయాలన్నీ తోసిపుచ్చదగ్గవి కావు. ‘ట్వైలైట్’ వచ్చినప్పుడు, అమ్మాయి గదిలోకి ఆమెకు తెలియకుండా వచ్చి నిద్రపోతుంటే చూసే హీరోను ప్రేమకు నమూనాగా చూపడం మీద గట్టి విమర్శలు వచ్చాయి. అవి న్యాయమైనవి. అదుపు చేయడాన్ని ప్రేమగా చూపించే అలవాటు అమెరికా నవలలకే పరిమితం కాదు. తెలుగు సీరియల్ నవలల్లోని గంభీర హీరోల్లోనూ, వెంటపడటమే ప్రేమగా చూపిన సినిమాల్లోనూ అది ఉంది.

అయితే పుస్తకాలను నిషేధించడం దీనికి జవాబు కాలేకపోయింది. ఈ విభాగం లోపలే దిద్దుబాటు జరిగింది. గత పదిహేనేళ్లలో వచ్చిన చాలా నవలల్లో అబ్బాయి అడిగి, ఆగి, అమ్మాయి సమాధానం వినే మనిషిగా కనిపిస్తాడు. సంకోచం, అనుమతి, వద్దని చెప్పే హక్కు కథలోనే చర్చకు వస్తాయి. పాఠకులు ఆన్‌లైన్‌లో వేసిన ప్రశ్నలకు ఈ మార్పులో పెద్ద భాగమే ఉంది. పిల్లలు చదివేదాన్ని పెద్దవాళ్లు కూడా చదివి మాట్లాడితే ఏ సన్నివేశం మీద అభ్యంతరముందో సూటిగా చెప్పగలుగుతారు. అట్ట చూసి పుస్తకం లాక్కుంటే ఆ అవకాశం పోతుంది.

ఇకముందు ఏం జరగవచ్చు

పెద్ద పాఠకులు పెరగడం వల్ల అమెరికా మార్కెట్లో ఒక సమస్య తలెత్తింది. కొనేవాళ్లు పెద్దవాళ్లు కావడంతో కథానాయికల వయసూ పెరుగుతోంది. పదిహేనేళ్ల పాత్రల స్థానంలో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాళ్లు వస్తున్నారు. 2009లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ ముందుకు తెచ్చిన న్యూ అడల్ట్ అనే విభాగం కాలేజీ వయసు కథలకు చోటిచ్చింది. కానీ రెంటి మధ్య గీత ఇంకా చెరిగిపోతూనే ఉంది. ఫలితంగా 13-15 ఏళ్ల పిల్లలకు తగిన ప్రేమకథలు తగ్గిపోతున్నాయని లైబ్రేరియన్లు ఆందోళన చెందుతున్నారు. ఏ పాఠకుల కోసం ఈ అర మొదలైందో వాళ్లకే చోటు ఇరుకవుతోంది.

తెలుగులో పరిస్థితి వేరు. ఇక్కడ అర ఇంకా ఏర్పడాలి, కానీ పాఠకులు తయారుగా ఉన్నారు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో తెలుగు ప్రేమ సీరియళ్లను భాగాల వారీగా చదివేవాళ్లు పెద్ద సంఖ్యలోనే కనిపిస్తారు. అన్వీక్షికి, ఛాయ వంటి ప్రచురణ సంస్థలు కొత్త రచయితల పుస్తకాలతో యువ పాఠకులను మళ్లీ బుక్ ఫెయిర్లకు రప్పించాయి. యాప్ సీరియల్‌లో కథ ఎక్కువగా పెళ్లి తర్వాతి గొడవల చుట్టూ తిరుగుతోంది. అచ్చు పుస్తకంలో యువ గొంతు ఇరవై దాటినవాళ్లది. మిగిలింది ఇంటర్ చదివే అమ్మాయి. హాస్టల్ గది, ఆదివారం ఫోన్ కాల్, ర్యాంకుల జాబితా, ఊర్లో తనకోసం చూస్తున్న సంబంధం, ఎవరికీ చెప్పని ఇష్టం. ఇన్ని ఒత్తిళ్లు ఒకేచోట ఉన్న వయసు కథకు గడువూ ఉంది, నిర్ణయమూ ఉంది, లోకమూ ఉంది. అది రాయడానికి అమెరికా వేసవి సెలవులు అక్కరలేదు, ఒక విద్యా సంవత్సరం చాలు.